పచ్చిక క్రింది పందికొక్కు

చంద్రపురములో తాడోబా అడవికి పోయే రోడ్డు వైపున తుకుం అనే పేట ఉన్నది. గనులు, విద్యుత్కేంద్రము వచ్చిన తరువాత పట్టణము ఆ వైపునకు బాగా పెరిగినది. కరీంనగరు, ఆదిలాబాదుల నుండి వచ్చి స్థిరపడిన తెలుగువారు ఈ ప్రాంతములో తక్కువేమీ కారు. వార్ధా నదికి ఆవలనున్న రాజూరా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో, ఆదిలాబాదు జిల్లాలోనే ఉండినది. బజారు వీధిలో దుకాణము మీదనే కాపురముండి, నాలుగు రాళ్ళు సంపాదించిన తరువాత ఇటువంటి క్రొత్త పేటలో ఇల్లు కట్టుకొని, ముందు కొంచెము పచ్చిక వేసుకోవలెనని ఏ వర్తకునికైనా ఉంటుంది. వేసవిలో కొలిమి వలె మండే ఊరిలో కంటికి ఆ మాత్రము పచ్చదనము కావలెననుకోవడము తప్పు కాదు.

అటువంటి ఇంటి యజమాని ఒకడు వ్రతములు స్వీకరించిన శ్రావకుడనుకొందాము. ఒకనాటి ఉదయము సామాయికము ముగించి బయటకు వచ్చి చూస్తే పచ్చిక మధ్య నాలుగైదు చోట్ల మెత్తని మట్టి కుప్పలుగా పోసి ఉన్నది. మరునాటికి ఇంకొక రెండు. పది దినములకు గోడ ప్రక్క పలకరాయి ఒకటి క్రుంగినది. తోటమాలి చూచి, "పందికొక్కు సేఠ్‌జీ. మీరు రెండు దినాలు ఇటు చూడకండి, నేను చూసుకొంటాను" అన్నాడు. ఆ తోటమాలి మాటలోనే ఈ వ్యాసమునకు కావలసిన ప్రశ్న అంతా ఉన్నది. యజమాని అటు చూడకపోయినంత మాత్రాన వ్రతము నిలుస్తుందా?

ముందు ఆ జంతువు సంగతి కొంత తెలిసికొనవలెను. శత్రువని పేరు పెట్టిన ప్రాణిని గురించి ఏమీ తెలియకుండ తీర్పు చెప్పడము న్యాయము కాదు. సీమలలో పచ్చికను పాడుచేసే జంతువు వేరు. దానిని ఇంగ్లీషువారు మోల్ అంటారు. నల్లని మఖమలు వంటి చర్మము, పారల వంటి ముందు కాళ్ళు, కనపడీ కనపడని కళ్ళు గలది. అది గడ్డి వేరు ముట్టదు. మట్టిలోని వానపాములను, పురుగులను తిని బ్రతుకుతుంది. 1702లో ఇంగ్లండు రాజు మూడవ విలియము గుఱ్ఱము అటువంటి మట్టికుప్ప మీద కాలు తప్పి పడినదనీ, ఆ దెబ్బ తరువాత ఆయన మరణించినాడనీ చెబుతారు. ఆయన విరోధులు ఆ మోల్‌ను తలచుకొని పానపాత్రలు ఎత్తినారట! ఆ దేశములో ఈ జంతువును చంపుటకు స్ట్రిక్నిన్ అనే ఘోరమైన విషమును 2006 వరకు వాడుతూ వచ్చి, ఆ ఏడు నిషేధించినారు. అమెరికాలో కాపురమున్న తెలుగువారి పెరళ్ళలోను ఈ మోల్ ఉన్నది. దక్షిణాపథములో అది లేదు. ఇక్కడ దాని స్థానములో పనిచేసేది పందికొక్కు.

ఈ పేరు మన తెలుగు భాష ప్రపంచమునకిచ్చిన మాటలలో ఒకటి. ఇంగ్లీషులోని బ్యాండికూట్ అనే మాట పందికొక్కు నుండియే పుట్టినది. ఆ మాటనే పట్టుకొనిపోయి తెల్లవారు ఆస్ట్రేలియాలో సంచి గల వేరొక జంతువునకు కూడ పెట్టినారు. మన దేశములో పెద్దది, చిన్నది అని రెండు జాతులు ముఖ్యము. పెద్దది కిలో వరకు తూగుతుంది. చిన్న జాతిని పాత ఇంగ్లీషు పుస్తకములలో "ఇండియా మోల్ ఎలుక" అనే వ్రాసినారు, ఎందుకంటే మట్టిని కుప్పగా పోసే అలవాటు అటువంటిదే. ఈ జాతి ధాన్యమును బొరియలో అరలు కట్టి దాచుకొంటుంది. సాధారణముగా ఒక బొరియలో ఒక పెద్ద జంతువే ఉంటుంది, ద్వారమును లోపలినుండి మట్టితో మూసుకొంటుంది. మరాఠీవారు పందికొక్కును ఘూస్ అంటారు. వెన్నెముక, అయిదు ఇంద్రియములు, మనస్సు గల సంజ్ఞి పంచేంద్రియ జీవి ఇది. చీమ విషయములో నేల చూచి నడిచే కుటుంబము ఈ లెక్క మరువరాదు.

దాని వలన నష్టము లేదని వాదించడము కూడ మోసమే అవుతుంది. పునాది ప్రక్క మట్టి డొల్ల అయితే గచ్చు పగులుతుంది, మోరీ గొట్టము విరిగితే మురికి నీరు బావిలోనికి దిగుతుంది. ఎలుక జాతి మూత్రము వలన లెప్టోస్పైరోసిస్ అనే జ్వరము వస్తుంది. 1994లో ఇదే మహారాష్ట్రలో బీడ్ జిల్లా మామ్లా గ్రామములో ప్లేగు కనిపించినది, ఆ వెంటనే సూరత్ నగరము తల్లడిల్లినది. అంతకు ముందటి సంవత్సరము సెప్టెంబరు 30న కిల్లారి వద్ద భూకంపము రాగా, విడిచిపోయిన ఇండ్లలోని ధాన్యము తిని ఎలుకలు పెరిగినందువలన బీడ్‌లో వ్యాధి వచ్చినదని విచారించినవారు అభిప్రాయపడినారు. పసిబిడ్డలున్న ఇంటి ఇల్లాలు, "ఏమండీ, మీ వ్రతము మీది, నా బిడ్డ ప్రాణము ఎవరిది?" అని అడిగితే శాస్త్రము చెప్పి ఆమె నోరు మూయించరాదు. అయితే ప్లేగు సంగతిలో వైద్యులు చెప్పే మాట ఒకటున్నది. ఎలుక చచ్చిన వెంటనే దాని మీది గోమార్లు ఇంకొక ఒంటిని వెదుకుతవి, అందుచేత గోమార్లను అదుపు చేయకుండ ఎలుకలను చంపితే రోగము మనుష్యులకు మరింత త్వరగా తగులుతుంది. చంపడమే రక్ష అనుకొనేవారు ఇది గమనించవలెను.

గృహస్థుని హింసను పెద్దలు నాలుగు విధములుగా విడదీసినారు. సంకల్పించి చేసేది, వంట ఊడ్పు మొదలైన ఇంటిపనులలో జరిగేది, వృత్తిలో జరిగేది, ఎదిరించి ఆత్మరక్షణ చేసికొనునపుడు జరిగేది. మొదటిదానిని అణువ్రతి పూర్తిగా విడువవలెను. మిగిలిన మూడింటిలో జాగ్రత్తతో తగ్గించుకొంటూ పోవలెను. మరి పందికొక్కును చంపడము ఏ ఖాతాలో వ్రాయవలెను? విరోధి హింసలో వ్రాయవచ్చునని చాలమంది చెబుతారు: అది మన ఇంటి మీద పడినది, మనము ఎదిరించినాము. ఈ వాదము వినుటకు బాగుంటుంది కాని ఖాతా సరిపోదు. విరోధి అనగా ప్రాణమునకో మానమునకో దేశమునకో తెగబడి వచ్చినవాడు. పందికొక్కు ఎవరి మీదికీ రాలేదు, తన ఆకలికి తాను మట్టి త్రవ్వుకొన్నది. పచ్చిక అందము చెడినదని దానిని చంపితే అది స్పష్టముగా సంకల్పహింస, మరొక పేరు లేదు. గోడ క్రుంగుతున్నదన్నప్పుడు, ఇంట రోగభయము నిజముగా ఉన్నప్పుడు మాట కొంత మారుతుంది. అప్పుడు కూడ ఇతర మార్గములన్నియు చూచిన తరువాతనే ఆ మినహాయింపు. ఒక్క మార్గము కూడ చూడకుండ మందు పొట్లము కొనుక్కొని వచ్చినవాడు మినహాయింపును ముందే ఖర్చు పెట్టినట్లు.

ఉమాస్వాతి వాచకులు తత్త్వార్థసూత్రములో హింసకు చెప్పిన లక్షణములో ప్రమాదము, అనగా అజాగ్రత్త, ముఖ్యమైనది. యశోధరుని కథలో పిండితో చేసిన కోడిని కోసినందుకే రాజు జన్మజన్మలు తిరిగినాడు. అక్కడ ప్రాణము పోలేదు, సంకల్పము మాత్రము ఉన్నది. తోటమాలి చేతిలో సంకల్పము కూడ యజమానిదే, ప్రాణము కూడ పోతుంది. తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినదానిని సమ్మతించుట, ఈ మూడింటిని మనోవాక్కాయములతో హెచ్చించి లెక్క చెప్పే మతము మనది. వర్తకునికి దీనిని విడమర్చి చెప్పనక్కరలేదు. గుమాస్తా వ్రాలు పెట్టిన హుండీకి సొమ్ము చెల్లించేది యజమానియే. "నేను చూడలేదు" అంటే ఏ కోర్టు ఒప్పుకొంటుంది? పైగా ఇక్కడ ఇంకొక అన్యాయమున్నది. ఆ తోటమాలి బీదవాడు, నెలకూలికి పనిచేసేవాడు. తన చేతికి అంటుతుందని యజమాని భయపడే పాపమును ఆ కూలితో పాటు అతని చేతిలో పెట్టడము దయ అనిపించుకోదు. "అతడు మాంసము తినేవాడే కదా, అతనికి పట్టింపు లేదు" అని కొందరు సమాధానపడతారు. అతనికి పట్టింపు లేదేమో. సమ్మతించినవానికి లేదా?

మందుల సంగతి చెప్పక తప్పదు. బజారులో దొరికే ఎలుకల మందులలో జింకు ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లముతో కలిసి ఫాస్ఫీను వాయువు అవుతుంది. బ్రోమాడయొలోన్ బిళ్ళలు తిన్న జంతువు అప్పుడే చావదు. రక్తము గడ్డకట్టే గుణము పోయి, లోపల లోపల రక్తము కారి కొన్ని దినములకు చస్తుంది. తిని తూలుతున్న ఎలుకను గుడ్లగూబయో పిల్లియో పట్టుకొంటే దానికి కూడ ఆ విషము ఎక్కవచ్చును. తుకుం వంటి చోట, అడవి అంత దగ్గరగా ఉన్న చోట, గుడ్లగూబ, జెర్రిపోతు పందికొక్కుల సంఖ్యను వాటంతట అవే అదుపులో పెడుతూ ఉంటవి. మందు పెట్టినవాడు ఆ ఏర్పాటును కూడ తెలియకుండ పడగొట్టుతాడు. బొరియలో అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీ వేసి మట్టి కప్పేవారున్నారు. ఆ గాలి మట్టి పగుళ్ళనుండి ప్రక్కగదిలోనికి ప్రాకి మనుష్యుల ప్రాణములు తీసిన సంగతులు పత్రికలలో వచ్చినవి, అందుకే ఆ మందును సామాన్యులకు అమ్మగూడదని ప్రభుత్వము కట్టడి చేసినది. జిగురు అట్టలు అన్నింటికంటె క్రూరమైనవి. అతుక్కొన్న ప్రాణి ఆకలితో, భయముతో గంటలకొలది కొట్టుకొంటుంది. వీటిని చంపని ఉపాయమని చెప్పి అమ్మేవారు, కొనేవారు ఆ అట్ట ప్రక్క ఒక రాత్రి కూర్చుండి చూడవలెను.

ఇక్కడ మన వర్తకులు కొంచెము ఆగి తమ అంగడి వైపు కూడ చూచుకొనవలెను. ఆనంద శ్రావకుని వ్రతములు చెప్పిన ఉపాసకదశలోను, హేమచంద్రాచార్యుల యోగశాస్త్రములోను శ్రావకుడు విడువవలసిన పదునైదు వృత్తులు, కర్మాదానములు, వరుసగా ఉన్నవి. అందులో విషవాణిజ్యము ఒకటి. మరి కిరాణా దుకాణములో అగరువత్తుల ప్రక్కన ఎలుకల మందు వ్రేలాడదీసి అమ్మడము ఏమిటి? ఇంట పందికొక్కును ముట్టనివాడు అంగడిలో ఊరందరి పందికొక్కులకు మందు సరఫరా చేస్తే వాని ఇంటి అహింసకు విలువ ఎంత? ఆయుధమునో విషమునో ఎరువిచ్చినా హింసాదానమని, ఉపాయము చెప్పినా పాపోపదేశమని అనర్థదండ వ్రతములో లెక్క వ్రాసినారు. ధాన్యపు గోడౌనులలో బస్తాలకు పొగ పెట్టడము వేరొక పెద్ద ప్రశ్న. దానిని వృత్తిహింస అని చెప్పుకొంటున్నారు, నిజముగా వేరు దారి లేని చోట ఆ మాటకు కొంత బలమున్నది. ఎండబెట్టి, గాలి సోకనిచ్చి, తొందరగా సరుకు తిప్పివేసే దారి ఉండగా కేవలము బద్ధకము వలన పొగ పెట్టేవారికి ఆ బలము కూడ లేదు.

పిల్లిని పెంచుదామని కొందరు. ఆ పదునైదులోనే అసతీపోషణము, అనగా ధనము కోసము హింసించే ప్రాణులను పెంచడము కూడ చేరినది. ధనము కోసము కాదు, ఇంటి కోసమే అంటారు. సరే. కాని ఏ పనికి పిల్లిని తెచ్చినారో ఆ పని సంకల్పములో ఉన్నది కదా? తనంతట వచ్చి తిరిగే పిల్లి మాట వేరు. పిల్లి నోటినుండి ఎలుకను విడిపించడము ధర్మమా కాదా అని మనలోనే రెండు వందల ఏండ్లకు పైగా చర్చ నడుస్తున్నది. తేరాపంథ స్థాపకులు ఆచార్య భిక్షువు అటువంటి రక్షణ లౌకికమైన దయ అనీ, హృదయము మారడమే అధ్యాత్మిక దయ అనీ అన్నారు. ఇతర సంప్రదాయములవారు ప్రాణరక్షణకు ఎక్కువ ఫలము చెప్పినారు. ఆ చర్చ ఇక్కడ తేలేది కాదు. రెండు పక్షములవారు కూడ పిల్లిని తెచ్చి ఎలుక మీదికి వదలమని మాత్రము చెప్పలేదు.

ఇక బోను. ఇది జైన గృహములలో అందరికి నచ్చిన ఉపాయము, నచ్చినందువలననే దీనిని ఎక్కువగా పరీక్షించవలెను. అహింసాణువ్రతమునకు అయిదు అతిచారములు: బంధించుట, కొట్టుట, అవయవము ఖండించుట, ఎక్కువ బరువు మోయించుట, అన్నపానములు ఆపుట. బోనులో మొదటిది ఉండనే ఉన్నది. సాయంత్రము బోను పెట్టి, దుకాణము తొందరలో ఉదయము మరచి, మధ్యాహ్నము ఎండలో రేకు కాలిన తరువాత చూచినవానికి అయిదవది కూడ తగులుతుంది. మే నెల చంద్రపురము ఎండలో ఇనుప బోను అంటే చంపడమునకు ఇంకొక పేరు. ప్రొద్దున చూడలేని రోజున బోను పెట్టరాదు. పట్టిన తరువాత ఎక్కడ విడువవలెను? ప్రక్కవాని పెరటిలో విడిస్తే తన కష్టమును అతని నెత్తిన పెట్టడము. రైతు చేనిలో విడిస్తే, అతడు రేపు దానికి మందు పెడతాడు. ఎరుగని నేలలో, బొరియ లేకుండ, కుక్కల నడుమ విడిచిన జంతువు ఎన్ని రాత్రులు బ్రతుకుతుందో ఎవరు చూడబోయినారు? ఇంకొకటి. పట్టినది తల్లి అయితే, బొరియలో ఆరేడు పిల్లలు కళ్ళు తెరువక ఉండవచ్చును. అవి ఆకలితో చస్తవి, యజమాని మాత్రము జీవదయ చేసినానని నిద్రపోతాడు.

ఈ సందర్భములో కుమారపాల మహారాజు కథ గుర్తుకు వస్తుంది. మేరుతుంగాచార్యుల ప్రబంధ చింతామణిలో ఉన్నది. పన్నెండవ శతాబ్దములో గుజరాతును ఏలిన ఆ మహారాజు, రాజ్యము రాకముందు ప్రాణభయముతో తిరుగుతూ ఒక చెట్టు నీడన కూర్చుండగా, ఒక ఎలుక బొరియలోనుండి వెండి నాణెములు ఒక్కొక్కటిగా తెచ్చి బయట పెట్టుచున్నది. మరల ఒకటి తీసికొని అది లోపలికి పోగా, కుమారపాలుడు మిగిలినవి తీసికొని దాగినాడు. ఎలుక తిరిగి వచ్చి, తన సొమ్ము కానక అక్కడికక్కడే చనిపోయినది. రాజైన తరువాత ఆ పాపమునకు ప్రాయశ్చిత్తముగా మూషక విహారమును కట్టించినాడని ప్రసిద్ధి. ఆయన ఎలుకను కొట్టలేదు, మందు పెట్టలేదు. ఇల్లూ నిల్వా తీసివేసినాడు, అంతే. బోను పట్టి ఊరవతల విడిచే సద్గృహస్థుడు కూడ ఆ రెండే తీసివేస్తున్నాడు. కనుక బోనును నిర్దోషమైన ఉపాయమని అనుకోరాదు. అవసరమైతే, గోడ నిలువనప్పుడు, పిల్లల కాలము కాదని చూచుకొని, వేకువనే తీసి, దగ్గరలోనే నీరు, పొద ఉన్న బీడులో విడిచే చివరి ఉపాయముగా మాత్రము ఉంచుకోవచ్చును.

చివరి ఉపాయమునకు ముందు చేయవలసినవి చాల ఉన్నవి, అవి ఎవరికీ ఇష్టము లేనివి, ఎందుకంటే వాటిలో మారవలసినది పందికొక్కు కాదు. అది తుకుంలోని ఆ ఇంటికే ఎందుకు వచ్చినదని అడిగి చూడవలెను. వంటింటి మోరీ మీద జాలీ లేదు. చెత్తబుట్టకు మూత లేదు. నూకలు, పప్పు దుమ్ము ఉన్న గోతాములు మెట్ల క్రింద పడి ఉన్నవి. అన్నింటికంటె ముఖ్యము, వ్రాయుటకు కష్టముగా ఉన్నా వ్రాయక తప్పనిది, పావురములకు చల్లే గింజలు. ప్రతిదినము తెల్లవారగానే రెండు దోసిళ్ళ జొన్నలు చల్లడము మన ఇండ్లలో తాతల నాటి ఆచారము. పావురములు తిన్నంత తిని పోతవి, మిగిలినది సూర్యాస్తమయము తరువాత పందికొక్కు పాలు. పగలు జీవదయ పేరిట పిలిచి, రాత్రి దొంగ అని తరిమితే ఆ ప్రాణి ఏమి చేయగలదు? గింజలు మానవలెనని కాదు. గచ్చు మీద చల్లి, పక్షులు తినగలిగినంతే చల్లి, ప్రొద్దు క్రుంకక ముందు ఊడ్చి ఎత్తివేయవలెను. రాత్రిభోజనము మానిన ఇంటివారు పెరటిలో రాత్రిభోజనము పెట్టరాదని ఒక ముసలమ్మ ఎత్తిపొడుపుగా అంటే నవ్వుకొని వినవలసినదే.

ఆహారము ఆగిన తరువాత చోటు. పునాది చుట్టూ మూరెడు లోతున సన్నకన్ను ఇనుపజాలీ దింపి, అడుగు వెలుపలికి వంచితే త్రవ్వే జంతువు అక్కడ ఆగుతుంది. గొట్టము గోడలో చొచ్చే ప్రతి సందును సిమెంటుతో పూడ్చవలెను. లోపల జంతువు ఉండగా బొరియను పూడ్చడము సజీవసమాధి అవుతుంది. సాయంత్రము ద్వారమున వదులుగా కాగితపు ఉండ పెట్టి, రెండు మూడు దినములు అది కదలలేదంటే అప్పుడు పూడ్చవచ్చును. తడి తగ్గిస్తే పురుగు తగ్గుతుంది, గుబురు పొద తీసివేస్తే దాగే చోటు తగ్గుతుంది. ఇవన్నీ చేయుటకు డబ్బు కంటె ఎక్కువగా ఓపిక కావలెను. ఫలితము ఒక వారములో కనిపించదు.

పచ్చిక సంగతి మిగిలినది. ఆ పచ్చిక కూడ ఏకేంద్రియ జీవరాశియే గనుక, మునిమహారాజులు గోచరికి వచ్చినపుడు దాని మీద కాలు పెట్టరు. గేటు నుండి గుమ్మము వరకు అంతా పచ్చికయే అయితే వారు వీధిలోనుండే తిరిగిపోవలసి వస్తుంది. భద్రావతి పార్శ్వనాథ తీర్థమునకు విహారము చేసే సాధుసాధ్వులు చంద్రపురము మీదుగా పోతూ ఉంటారు. అందుకని ఇల్లు కట్టేవాడు నడువ దగినంత వెడల్పు రాతిబాట విడువవలెను, పచ్చిక ఎంత తక్కువయితే అంత మంచిది. క్రొత్తగా జాలీ దింపేవారు ఆ త్రవ్వకమంతా జ్యేష్ఠములోపలనే ముగించుకొనవలెను. తొలకరి పడినదంటే ఆ నల్లరేగడిలో గడ్డపార వేసిన ప్రతిసారి వానపాములు రెండుగా తెగుతవి, చాతుర్మాసము నాలుగు నెలలు మట్టి కదపరాదు.